అలీసాగర్ కట్ట మీద సముద్రం

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "మేడం, మీ పిల్లలు డిబేట్లలో అంత బాగా ఎట్లా మాట్లాడేవాళ్ళు?" అని అడుగుతారు. ఏదో కిటుకు చెప్తానని వాళ్ళ ఆశ. నా దగ్గరున్న కిటుకు ఒక్కటే. అది కూడా ఒకసారి నా మీదికే తిరగబడింది. గెలిచిన పోటీల సంగతి ఎవరైనా చెప్తారు. ఆ షీల్డులు కాలేజీ బీరువాలోనే ఉన్నాయి, దుమ్ము దులిపి చూసుకోండి. నేను మాత్రం ఓడిపోయిన పోటీ ఒకటి చెప్తాను. ఉద్యోగం మొత్తంలో నాకు ఇప్పటికీ కలలోకి వచ్చేది అదొక్కటే.

నేను బోధన్‌లో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఇల్లు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర. పొద్దున్నే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, చలికాలంలో జానకంపేట దాటేదాకా పొలాలే కనిపించేవి కావు. అంతా మంచు. అక్కడక్కడ మిగిలిన చెరకు తోటలు పూతకొచ్చి, తెల్లటి పూగుత్తులు మాత్రం మంచు పైన తేలుతుండేవి. కింద భూమి ఉందో నీళ్ళున్నాయో తెలిసేది కాదు. ఆ బస్సులో సగం నిద్రలో నేను కన్నన్ని కలలు ఇంట్లో మంచం మీద ఎప్పుడూ కనలేదు.

నేను రిటైరవడానికి ముందటి చలికాలం అది. కాలేజీల మధ్య జరిగే డిబేట్‌కు అంశం పంపారు. సముద్రంలో చమురు తవ్వడం దేశానికి మేలా, ప్రకృతికి కీడా. స్టాఫ్‌రూమ్‌లో నవ్వులే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది తెలుగు మేడం. నాకంటే బాగా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. గొంతు విప్పితే మైకు అక్కర్లేదు.

"అక్కా, చెరుకు మీద ఇయ్యొచ్చు, పసుపు మీద ఇయ్యొచ్చు. మన పోరగాండ్లు సముద్రాన్ని ఏడ సూసిండ్రని ఇచ్చిండ్రో," అంది చాయ్ ఊదుకుంటూ.

"నేను మాత్రం ఎక్కడ చూశాను," అన్నాను. అది నిజం. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. కందకుర్తికి పోయి గోదావరిలో మునిగి వచ్చిన మనిషిని, నా నీళ్ళు అక్కడికే అయిపోయాయి.

కాలేజీకి ఇద్దరు పిల్లలు. ఒకరు అనుకూలంగా, ఒకరు ప్రతికూలంగా మాట్లాడాలి. ఇద్దరి మార్కులూ కలిపి షీల్డు ఇస్తారు. ఉత్తమ వక్తకు విడిగా ఒక కప్పు. నేను ఎంచుకున్న అబ్బాయి ఎడపల్లి రైతు కొడుకు. వరి, కొంచెం చెరకు ఉన్న ఇల్లు. వాడు మాట్లాడుతుంటే చేతులు కూడా మాట్లాడేవి. అమ్మాయి బోధన్ అవతల ఒక క్యాంపు నుంచి వచ్చేది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళను మావైపు క్యాంపులంటారు. తాత నాటి భూమి పంపకాల్లో చిన్న ముక్కైపోయి, ఆమె తండ్రి మళ్ళీ కోస్తాకే పోయి పని వెతుక్కున్నాడు. సముద్రం మధ్యలో చమురు తీసే రిగ్గు మీద క్రేన్ నడుపుతాడు. నెల రోజులు నీళ్ళ మీద, నెల రోజులు ఇంట్లో.

అంటే మొత్తం బోధన్‌లో సముద్రం గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉందంటే అది ఆ పిల్లకే. "నేను అనుకూలం మేడం," అని ముందే చెప్పేసింది. "మా ఇల్లు నడిచేదే దాని మీద."

నేను చీటీలు వేశాను. ప్రతిసారీ వేసేదాన్ని. నచ్చిన పక్షం ఇస్తే పిల్లలు తమకు తెలిసిందే చెప్తారు, కొత్తగా ఒక్క ముక్క నేర్చుకోరని నా నమ్మకం. ఆమెకు ప్రతికూలం వచ్చింది. మొహం మాడ్చుకుని చీటీని మడిచి మడిచి గోరంత చేసింది. మార్చమని తెలుగు మేడం కూడా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "చీటీ అంటే చీటీయే," అన్నాను. మొండిదాన్నని కాలేజీ అంతా అనుకునేది, అంత తప్పుగా కూడా అనుకోలేదు.

ఇక నా కిటుకు. నా దగ్గర సాధన చేసే పిల్లలకు ఒకటే నియమం. నీ మాట మొదలుపెట్టే ముందు ఎదుటి పక్షం మాట నువ్వే చెప్పాలి. ఎదుటివాళ్ళు "అంతే, నా మనసులో ఉన్నది అదే" అని ఒప్పుకునేదాకా చెప్పాలి. ఆ తర్వాతే నీ వంతు.

ఆదివారాలు ఇద్దర్నీ అలీసాగర్ చెరువు కట్ట మీదికి తీసుకుపోయేదాన్ని. తరగతి గదిలో సముద్రం రావడం లేదు మరి. మంచులో అవతలి గుట్టలు మాయమైతే నీళ్ళకు ఒడ్డే లేనట్టుండేది. ముగ్గురం శాలువాలు కప్పుకుని కూర్చుని, ఆ నీళ్ళ మధ్య ఒక ఇనుప ఊరు నిలబడి ఉందని ఊహించుకునేవాళ్ళం.

"సముద్రం ఇట్ల సప్పుడు లేకుంట ఉంటదా?" అని అబ్బాయి అడిగాడు.

"ఉండదు. నాన్న ఫోన్ చేస్తే అరుస్తూ మాట్లాడతాడు. నాన్న వెనక సముద్రం కూడా మాట్లాడుతూనే ఉంటుంది," అంది అమ్మాయి. మా దగ్గర పెరిగింది కాబట్టి మాతో మా మాట కలిపేది, ఇంటి సంగతి వచ్చేసరికి క్యాంపు యాస వచ్చేసేది.

వాడికి మొదట్లో ఏమీ తోచేది కాదు. "మేడం, గా సముద్రంతోని మాకేం పని? మా బాపుకు కాలువల నీళ్ళొస్తే సాలు," అనేవాడు. ఒక ఆదివారం మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేడం, యూరియా గ్యాస్ తోనే అయితదట. గా గ్యాస్ సముద్రం కెల్లి గూడ వస్తదట. మా బాపు యూరియా లైన్ల చెప్పులు పెట్టి పొద్దందాక నిలవడ్డడు. అంటే మా వరికి సముద్రం నీళ్ళు రాకున్నా సముద్రం వస్తున్నట్టే గద?" ఆ రోజు నుంచి వాడిని ఆపడం ఎవరివల్లా కాలేదు. మనం బయటి దేశాల నుంచి కొనుక్కునే చమురు, పొయ్యి మీది గ్యాస్, ట్రాక్టర్ డీజిల్, అన్నీ వాడి వేళ్ళ మీదికి వచ్చాయి.

అమ్మాయి కూడా పట్టుదలకు పోయింది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళు, వల వేయడానికి వీల్లేక తిరిగిపోయే పడవలు, ఒకసారి ఒలికితే ఎత్తిపోయలేని నూనె. చమురు మండే కొద్దీ వేడెక్కే గాలి దాకా పోయి, అక్కణ్ణుంచి వేల్పూర్‌లో కల్లంలో ఆరబోసిన పసుపు మీద కురిసిన అకాల వానకు వచ్చేది. నాకు కడుపు నిండినట్టుండేది. కానీ నియమం ప్రకారం ముందు అవతలి పక్షం చెప్పాలి కదా. అప్పుడామె రిగ్గు గురించి కాదు, తండ్రి గురించి చెప్పేది. బ్యాగు సర్దుకునే రోజు ఇంట్లో ఎవరూ టీవీ పెట్టరట. ఆయన పంపే జీతంతోనే అక్క పెళ్ళి, నానమ్మ మందులు, తన చదువు. వాడు చేతులు కట్టుకుని వినేవాడు. విన్నదంతా దాచుకునేవాడు.

ఒక ఆదివారం నీటికాకులు మునిగి తేలుతుంటే చూస్తూ ఆ పిల్ల మాటలు ఆపేసింది. అబ్బాయి మక్క కంకులు కొనడానికి పోయాడు.

"మేడం, చిన్నప్పుడు నాన్న ఒక కథ చెప్పేవాడు," అంది. "రిగ్గు చివర ఒక మంట ఉంటుందంట. దానికి నిద్ర లేదంట. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి దేశాల పిట్టలో వస్తాయంట, చుట్టూ తిరిగి ఆడుకుంటాయంట. ఆ కథ వింటూ పడుకునేదాన్ని. నిరుడు నాన్నను అడిగా, ఆ పిట్టల వీడియో పంపమని.  అప్పుడు చెప్పాడు, అది ఆట కాదంట."

ఏమిటని అడిగాను. తవ్వేటప్పుడు పైకొచ్చే గ్యాస్‌లో కొంత అక్కడే కాల్చేస్తారు, ఆ మంట అది. మబ్బు పట్టిన రాత్రులు వలస పోయే పిట్టలకు చుక్కలు కనపడక ఆ వెలుగు వైపు వస్తాయి. వచ్చాక దాన్ని వదిలి పోలేవు. తిరిగి తిరిగి అలసిపోయి పడిపోతాయి. తెల్లారి డెక్కు మీద ఆమె తండ్రి వాటిని ఏరుతాడు. ప్రాణమున్నవాటిని అట్టపెట్టెలో పెట్టి చీకటి చేస్తే తేరుకుని ఎగిరిపోతాయి. కానీ ఉప్పు నీటి జల్లుకు అట్ట తడిసి కూలిపోతుంది, గాలికి పెట్టె కొట్టుకుపోతుంది. ఎక్కువ బతకవు.

"నీకొక్కదానికే చెప్తున్నా అన్నాడు మేడం. అక్కడి సంగతులు బయట మాట్లాడొద్దని వాళ్ళకు చెప్పారంట. నాన్న కాంట్రాక్టు మనిషి. మళ్ళీ పిలవకపోతే అంతే. ఇది నేను స్టేజీ మీద చెప్పను. పేపరోళ్ళు వస్తారు కదా."

నీ మాట, నీ ఇష్టం అన్నాను. ఆ మాట సులభంగానే వచ్చింది, దాని వెంట ఆశ కూడా వచ్చింది. అంశమంతటికీ ఇంతకంటే బలమైన మాట లేదని నాకు తెలుసు. స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మేడంకు చెప్తే ఆమె కుర్చీలోంచి లేచేసింది.

"అక్కా, గా పిట్టల ముచ్చట చెప్తే హాలు హాలంత ఏడుస్తది. షీల్డు మనదే. పేరు చెప్పకుంట చెప్పమను."

"బోధన్ కెల్లి రిగ్గు మీదికి ఎంతమంది పోతరే? పేరు చెప్పకపోతే తెల్వదా? వాళ్ళ ఇంటి అన్నం మీద మనం షీల్డు పెట్టుకుందామా?" కోపమొస్తే నాకూ అచ్చంగా ఇంటి భాషే వస్తుంది.

ఆమె అలిగి నాతో చాయ్ తాగడం మానేసింది. కొన్నాళ్ళకు జామపండ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది, కాబట్టి రాజీ అయిపోయినట్టే. ఆ రోజుల్లోనే బస్సులో నాకు ఆ కల మొదలైంది. చెరకు పూల మీద బస్సు తేలిపోతుంటుంది. దూరంగా అలీసాగర్ నడిమధ్య ఒక మంట నిలబడి ఉంటుంది. డ్రైవర్ దాని చుట్టూ తిప్పుతూనే ఉంటాడు, బోధన్ రానే రాదు. కండక్టర్ భుజం తట్టి లేపితే దిగేదాన్ని.

పోటీకి వారం ముందు అమ్మాయి తండ్రి రిగ్గు మీంచి ఇంటికొచ్చాడు. ఒకసారి రమ్మని కబురు పెడితే క్యాంపుకు పోయాను. ఎండకు కమిలిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. వాకిట్లో కోళ్ళు, వెదురు గంప కింద పిల్లలతో ఒక పెట్ట. ఆయన భార్య కాఫీ ఇచ్చింది.

"మా రిగ్గునే తిడుతుందటగా అండీ మా అమ్మాయి," అన్నాడు నవ్వుతూ. "తిట్టనివ్వండి. నేర్చుకోవాలిగా."

"సముద్రం ఎట్లా ఉంటుందండీ?" అని అడిగాను. ఎన్నాళ్ళుగానో ఎవర్నైనా అడగాలనుకున్న ప్రశ్న.

 "పగలంతా పనండి. తీరిగ్గా చూసింది లేదు. ఇంటికొచ్చాక మాత్రం కళ్ళు మూసుకుంటే కనపడుతుందండి." అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. పిట్టల ఊసు నేను ఎత్తలేదు.

పోటీ మా కంఠేశ్వర్ దగ్గరి ఒక హాల్లోనే జరిగింది. ముందు వరుసలో పత్రికలవాళ్ళు, చివరి వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె తండ్రి. మా అబ్బాయి వంతు ముందు వచ్చింది. యూరియా లైన్లో బాపు చెప్పులతో మొదలుపెట్టి హాలును నవ్వించాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"పని పోయిన ఊరు ఎట్లుంటదో మా బోధన్ పిల్లలను అడుగుండ్రి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక మా తాత సైరన్ మోగే వేళకు లేసి కూసుంటుండె, చచ్చేదాక గట్లనే లేసిండు. మా దోస్తు వాళ్ళ నాయిన నెల దినాలు నీళ్ళ మీద బతుకుతడు. ఆయన బ్యాగు సర్దుకునే దినం ఆ ఇంట్ల టీవీ పెట్టరు. గా పని బంద్ చేయమనే ముంగట, ఆ ఇంట్ల కూసొని ఒక్క పూట అన్నం తినుండ్రి."

చప్పట్లు ఆగలేదు. చివరి వరుసలో ఆమె తండ్రి చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు. నా నియమం ఎంత బాగా పనిచేసిందో అప్పుడు అర్థమైంది. అది ఆ పిల్ల చెప్పిన మాట. ఆమె పక్షాన్ని వాడు ఆమెకంటే బాగా చెప్పాడు, ఇప్పుడామె దానికి ఎదురు మాట్లాడాలి.

మాట్లాడింది. తాబేళ్ళు, పడవలు, కల్లంలో తడిసిన పసుపు, ఏదీ తడబడలేదు. ముగించాక న్యాయనిర్ణేతల్లో పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూశాడు. "బాగుందమ్మా. కానీ ఇదంతా ఎవరైనా ఫోన్లో చదివి చెప్పగలరు. నీకు నిజంగా తెలిసింది ఒక్కటి చెప్పు."

ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని చివరి వరుస వైపు చూసింది. నేనూ చూశాను. తెలుగు మేడం నా మణికట్టు పట్టుకుంది.  ఆ కాసేపట్లో అట్టపెట్టె తడవడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది, ఆ వాకిలి కూడా కనిపించింది.

"ఏమీ లేదు సార్," అని కిందికి దిగి వచ్చేసింది.

కప్పు మా అబ్బాయికి వచ్చింది. షీల్డు వేరే కాలేజీకి పోయింది.

బయట చాయ్ బండి దగ్గర బెంచీల మీద కూర్చున్నాం. అబ్బాయి కప్పును కాళ్ళ వెనక దాచుకున్నాడు, గెలిచినందుకు వాడికే సిగ్గుగా ఉంది. తండ్రి అందరికీ చాయ్ చెప్పి, కూతురు వైపు తిరిగాడు.

"పిట్టల సంగతి చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు వద్దన్నావు కదా నాన్నా."

"అన్నాను," అన్నాడు. గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "ఈ బాబు నా కూడు గురించి చెప్పాడు. ఇన్నేళ్ళలో అంత బాగా ఎవరూ చెప్పలేదు, వింటుంటే ఏడుపొచ్చింది. రోజూ పొద్దున్నే నేను ఏరేవాటి గురించి మాత్రం మనిద్దరం నోరు కట్టుకున్నాం. నా భయం తెచ్చి నీ నోట్లో పెట్టాను కదమ్మా." గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు చెప్పు. నేను వింటాను," అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. చిన్నప్పటి కథ దగ్గర మొదలుపెట్టి అట్టపెట్టె దాకా. స్టేజీ మీద కంటే మెల్లగా చెప్పింది. చాయ్ బండి అతను గ్లాసులు కడగడం ఆపి విన్నాడు. తెలుగు మేడం కళ్ళు ఒత్తుకుంది.

"మరి గా మంట బంద్ చెయ్యరాదా అంకుల్?" అని అబ్బాయి అడిగాడు.

"ఒక్కసారిగా ఆపితే మా ప్రాణాలకే ముప్పు బాబూ. తగ్గించే దారులున్నాయంటారు. మబ్బు పట్టిన రాత్రులు మిగతా దీపాలైనా ఆర్పొచ్చు. వలసలొచ్చే నెలల్లో కొన్ని పనులు వాయిదా వేయొచ్చు. పై వాళ్ళను ఎవరో ఒకరు అడగాలి."

"మీరే అడగొచ్చు గద."

ఆయన చల్లారిన చాయ్ తాగేసి కూతురు బ్యాగు అందుకున్నాడు.

లాభనష్టాల తూకం గురించి నేను ఉద్యోగమంతా బోర్డు మీద రాశాను. ఒకవైపు వచ్చేది, ఒకవైపు పోయేది, రెంటికీ ధర కట్టి చూడాలని చెప్పాను. దారి తప్పిన పిట్టకు ధర ఎట్లా కట్టాలో మా సిలబస్‌లో లేదు. మళ్ళీ పిలవరేమోనన్న ఆ ఇంటి భయానికీ లేదు. మీరు ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కూడా పిల్లల ముందు పెట్టండి, జవాబు రాకపోయినా పర్వాలేదు. నాకు ఈరోజుకీ రాలేదు.

ఆయన తిరిగి వెళ్ళే రోజు పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, స్టేషన్‌కు ఒక్కసారి వస్తారా?" ఇల్లు దగ్గరే కదా అని ఆటోలో పోయాను. ప్లాట్‌ఫాం మీద ఇంకా మంచు తొలగలేదు. సికింద్రాబాద్ బండి కోసం జనం ముడుచుకుని నిలబడ్డారు. వాళ్ళ మధ్య ఆయన. భుజానికి బ్యాగు, చేతిలో వాళ్ళ వాకిట్లో నేను చూసిన కోళ్ళ గంప.

"అట్టపెట్టె తడిసిపోతుంది కదా మేడం," అంది అమ్మాయి. "ఇది తడిసినా కూలదు. గాలి ఆడుతుంది, లోపల చీకటిగా ఉంటుంది. పైన ఏదైనా బరువు పెడితే ఎగిరిపోదు. అమ్మ ఒకటే గొడవ, కోళ్ళను ఎక్కడ మూయాలని." గంప లోపల పాత లుంగీ గుడ్డ మెత్తగా కుట్టి ఉంది. ఎవరో పెద్దమనిషి ఆగి, కోళ్ళేవయ్యా అని అడిగి నవ్వుకుంటూ పోయాడు.

ఆ మనిషి ఆ గంపతో రెండు రైళ్ళు మారి, రిగ్గు మీదికి తీసుకుపోయే హెలికాప్టర్ దగ్గర లైన్లో నిలబడటం తలుచుకుంటే నాకు నవ్వూ దిగులూ ఒకేసారి వచ్చాయి. అక్కడ బ్యాగు బరువు కూడా తూచి ఎక్కించుకుంటారని అమ్మాయి చెప్పి ఉంది.

"దీన్ని హెలికాప్టర్‌లో ఎక్కనిస్తారా అండీ?" అన్నాను. "ఇదెందుకని వాళ్ళు అడగరూ?"

ఆయన గంపను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అడగాలనేనండి, పట్టుకెళ్తున్నాను," అన్నాడు.